అలవాటు వెనుక ఉన్న మనసు



"చెడ్డదని తెలిసినా మానలేకపోతున్నాం, మంచిదని తెలిసినా చేయలేకపోతున్నాం" అనే మాట మన హాస్టల్ గదుల్లో తరచు వినపడుతుంది. మనోబలం లేకపోవడమే దీనికి కారణమని పెద్దలు అంటారు. అది సగం నిజమే. ఏ అలవాటైనా మనల్ని పట్టుకునేది లాభనష్టాల లెక్క చూసి కాదు, ఆ పని చేసేటప్పుడు మనసుకు కలిగిన అనుభూతిని బట్టి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మనం రోజూ చూసే విషయాలతోనే దీన్ని తెలుసుకుందాం.

ముందు శాస్త్రం చెప్పే సంగతి. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కలకు తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించేవాడు. కొన్నాళ్లకు తిండి లేకున్నా, ఆ శబ్దం వింటేనే వాటి నోట్లో లాలాజలం ఊరింది. మనకు భోజనం గంట కొట్టగానే ఆకలి గుర్తుకు రావడం కూడా ఇలాంటిదే. రెండు విషయాలు రోజూ జతగా వస్తే మెదడు వాటిని ముడివేస్తుంది. సంతోషం, భయం, సిగ్గు, ఊరట కూడా ఇలాగే పనులతో ముడిపడతాయి. కోతులపై వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ 1990లలో చేసిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. మొదట పళ్లరసం అందినప్పుడు వాటి మెదడులోని డోపమైన్ కణాలు స్పందించాయి. అలవాటు పడ్డాక, రసం వస్తుందని తెలిపే గుర్తు కనపడగానే స్పందించాయి. బజ్జీల వాసన తగలగానే కడుపు నిండి ఉన్నా కాళ్లు బండి వైపు ఎందుకు లాగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక జొన్నరొట్టె సంగతి చూద్దాం. మన పడమటి మెట్ట పల్లెల్లో జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంగటి నిత్యం తినే తిండి. వరి అన్నం పండుగనాటి మాట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేదల కంచంలోకి అన్నం వచ్చింది. అది ఎందరి ఆకలినో తీర్చిన మేలు. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే అన్నం అంటే గౌరవం, రొట్టె అంటే లేమి అనే భావన కూడా మనలో పాతుకుపోయింది. ఇంటి నుంచి తెచ్చిన రొట్టెను గోడ వైపు తిరిగి తినే పిల్లవాణ్ణి మనమంతా చూసినవాళ్లమే. వాడికి రొట్టె రుచి నచ్చక కాదు, దానికి అంటుకున్న సిగ్గు మింగుడుపడక. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు అటూఇటూగానే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అవే కొర్రలు, రాగులు ఇప్పుడు నగరాల్లో అందమైన ప్యాకెట్లలో అమ్ముడవుతున్నాయి. గింజ మారలేదు, దాని చుట్టూ ఉన్న భావన మారింది.

గుట్కా సంగతి ఇంకా కష్టమైనది. వానలు లేక, పనులు దొరకక మన ఊళ్ల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, మరికొందరు బెంగళూరుకు కూలికి వెళతారు. పిల్లలు అవ్వల దగ్గరో, హాస్టల్లోనో మిగులుతారు. అలాంటి పిల్లవాడు మొదటి పొట్లం రుచి కోసం చించడు. "నువ్వూ మావాడివే" అనే మాట కోసం చించుతాడు. ఎండలో వంగి పనిచేసే తండ్రికి అదొక విరామం. తోడు, విరామం అనే రెండు మంచి అనుభూతులు ఒక విషంతో ముడిపడ్డాయి. ఆపైన నికోటిన్ తన పట్టు బిగిస్తుంది. విద్యాసంస్థలకు వంద గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. పొట్లం మీద భయపెట్టే బొమ్మ కూడా ఉంటుంది. కానీ ఆ బొమ్మ ఒంటరితనాన్ని పోగొట్టదు కదా!

వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులపై 1970లలో లీ రాబిన్స్ పరిశోధన చేశారు. ఇంటికి చేరాక వారిలో ఎక్కువమంది మళ్లీ ఆ ఊబిలో పడలేదు. ఆ చోటు, ఆ స్నేహాలు, ఆ భయం వెనకబడిపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణమని చెబుతారు. దీన్ని తిరగేసి చూడండి. హాస్టల్లో గుట్కా మానినవాడు సెలవులకు ఊరికి పోయి అదే రచ్చకట్ట మీద, అదే స్నేహితుల మధ్య కూర్చుంటే పాత కోరిక లేస్తుంది. అది వాడి చేతగానితనం కాదు.

చదువూ అంతే. లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా దెబ్బలు తిన్న పిల్లవాడికి ఆ పుస్తకమే బెత్తంలా కనిపిస్తుంది. చేయి సెల్‌ఫోన్ మీదికి పోతుంది, ఎందుకంటే అక్కడ ఊరట ఉంది. దాన్ని మనం సోమరితనం అంటున్నాం. మా బ్యాచ్ వాళ్లం స్టడీ అవర్ తర్వాత బొరుగులు, బుడ్డలు పంచుకుంటూ లెక్కలు చేసేవాళ్లం. తెలిసినవాడు తెలియనివాడికి నవ్వుతూ చెప్పేవాడు. మా ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఈనాటికీ లెక్కల పుస్తకం చూస్తే మాకు ఆ బొరుగుల రాత్రులే గుర్తుకొస్తాయి.

కాబట్టి అలవాటును మార్చాలంటే దాని వెనుక ఉన్న అనుభూతిని ముందు గుర్తించాలి. ఏ వేళలో, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు, ఏ బాధలో ఆ కోరిక పుడుతోందో ఒక వారం రాసుకోండి. అదే అనుభూతినిచ్చే మంచి పనిని అదే వేళకు పెట్టుకోండి. తోడు కోసమైతే వాలీబాల్ ఆడండి, దిగులుగా ఉంటే అమ్మకు ఫోన్ చేయండి. తొందరపడవద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిపై జరిగి 2010లో అచ్చైన పరిశోధన ప్రకారం, కొత్త అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజులు పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కలగలేదు. పొగాకు మానాలనుకునేవారు 1800-11-2356 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

చివరగా, వార్షికోత్సవానికి వచ్చే అన్నలకు మా విన్నపం ఒకటుంది. గుట్కా వేసే తమ్ముడు కనపడితే తిట్టకండి. మీ అమ్మానాయన సుగ్గి నుంచి ఎప్పుడొస్తారని అడిగి, కాసేపు వాడి పక్కన కూర్చోండి. వచ్చేటప్పుడు ఇంటి నుంచి నాలుగు జొన్నరొట్టెలు తెచ్చి, అందరి ఎదుట, అందరితో కలిసి తినండి.