కరువు కాలంలో చదువు చేసే పరిచర్య

చీమకుర్తి అనగానే అందరికీ గెలాక్సీ గ్రానైట్ గుర్తుకు వస్తుంది. కానీ ఆ క్వారీల చుట్టుపట్ల పల్లెల్లో మన కుటుంబాలెన్నో మిరప, పత్తి, కంది చేలనే నమ్ముకొని బ్రతుకుతున్నాయి. వాన తప్పి, రామతీర్థం జలాశయానికి సాగర్ నీళ్లు రాకపోతే ఆ ఏడు మిగిలేది అప్పే. 2021–22లో నల్ల తామరపురుగు మిరప పూతను నాశనం చేసింది. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద కురిసిన వాన, 1901 తరువాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ. వాతావరణ మార్పు అంటే మనకు చేలో కనబడే సంగతే.

ఈ కష్టంలో చదువుకునే పిల్లలు ఏమి చేయగలరు?

1945లో ప్రారంభమైన బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి కళాశాలల విద్యార్థులు చివరి సంవత్సరంలో కొంతకాలం పల్లెల్లో రైతుల వెంట ఉండి పని నేర్చుకుంటారు. దీనినే ‘రావెప్’ అంటారు. వారు ముగ్గుపిండితో, రంగులతో నేల మీద గ్రామపటం వేసి, చెరువులు, బోర్లు, పంటల వివరాలు రైతుల చేతనే చెప్పిస్తారు. విత్తనశుద్ధి, మట్టి నమూనా తీసే పద్ధతి చేసి చూపిస్తారు. తామరపురుగుకు మందు మీద మందు కొట్టవద్దనీ, జిగురు అట్టలు పెట్టి, చేను చుట్టూ జొన్న లేక మొక్కజొన్న వరుసలు వేయాలనీ శాస్త్రజ్ఞులు చెప్పే సలహా ఇలాంటి వారి ద్వారా గడప దాకా వస్తుంది. మన పెద్దల అనుభవం వారి పుస్తకాల్లోకి వెళ్తుంది.

చదువు ఇలా కరువులో అక్కరకు రావడం మన సంఘాలకు కొత్త కాదు. 1876–78 మహా కరువుకు పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఒక ముఖ్య కారణమని నేటి పరిశోధకులు అంటున్నారు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు, తాను యౌవనంలో నేర్చిన సర్వే విద్యతో బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ల త్రవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించారు. ఐగుప్తులో యోసేపు కూడా కరువు రాకముందే ధాన్యం కొలిచి దాచాడు గదా!

కాబట్టి ప్రియులారా, రావెప్ విద్యార్థులు మీ ఊరికి వస్తే ఆదరించండి. కళాశాలల్లో ఉన్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఒక చిన్న పని అప్పగించండి. దేవాలయ ఆవరణలో వర్షమాపకం పెట్టి, ప్రతి ఉదయం 8.30కి వాన లెక్క ఒక పుస్తకంలో వ్రాయించండి. వారు వెళ్లాక యవ్వనస్థుల కూటమి ఆ పని కొనసాగించాలి. నాలుగేళ్ల లెక్క చేతిలో ఉంటే, ఎప్పుడు విత్తాలో, ఏ పంట వేయాలో రైతుకు కొంత దారి కనబడుతుంది. దేవుడు ఏదెను తోటను నరునికి అప్పగించినది ఫలం తినడానికి మాత్రమే కాదు, దానిని కాపాడడానికి కూడా.