వికలాంగులు పనిచేయు సంఘముల నిర్వహణము

ఒంటరిగా నిలువలేని రైతులు కూడి నిలుచుటకై సహకారసంఘములు పుట్టినవి. 1904వ సంవత్సరపు చట్టముతో మన దేశమున పరపతి సంఘములు వెలసినప్పుడు, వడ్డీవ్యాపారి చేతిలో చిక్కిన పేదరైతును నమ్మదగినవానినిగా నిలిపినది సంఘమే. అట్టి నమ్మకమునకు నేటికిని నోచుకొననివారు మన గ్రామములలో గలరు. కాలు చచ్చుపడినవారు, చూపు లేనివారు, చెవి వినరానివారు, కుష్ఠువ్యాధివలన వ్రేళ్లు కోల్పోయినవారు మన యిండ్లలోనే యున్నారు. వీరికి పని చూపు సంఘమును ఎట్లు నడుపవలెనో సభ్యుల యెదుట నుంచ దలచితిమి.

“ప్రభుత్వము పింఛను నిచ్చుచుండగా వారికి పని యేల?” యని కొందఱు ప్రశ్నింతురు. 2024లో మన ప్రభుత్వము వికలాంగుల పింఛనును నెలకు రూ. 3,000 నుండి రూ. 6,000కు పెంచినది. అది మంచి ఆదరువే. కాని పింఛను కడుపు నింపును గాని, పదిమందిలో మాట చెల్లించునది సంపాదన. 2016వ సంవత్సరపు చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 వంతున కేటాయించినది. ఆ కొలువులు చదువుకొన్న కొందఱికే దొరకును. తక్కినవారికి ఊరిలోనే పని యుండవలెను.

మన ప్రాంతమున ఇందుకు పునాది లేకపోలేదు. 2000వ సంవత్సరమున ప్రపంచబ్యాంకు ఋణముతో ‘వెలుగు’ పథకము మొదటిసారి ఆరు జిల్లాలలో మొదలైనప్పుడు శ్రీకాకుళము, విజయనగరము రెండును అందు చేరినవి. ఆ పథకముక్రిందనే వికలాంగుల పొదుపు సంఘములు ఏర్పడినవి. ఇతర పొదుపు సంఘములకు పదిమంది కావలసియుండగా, వీరి సంఘమునకు అయిదుగురు చాలును. సాలూరులో కుష్ఠురోగులకు ఫిలడెల్ఫియా ఆసుపత్రియు, విజయనగరమున లెప్రసీ మిషన్ వారి వృత్తిశిక్షణ కేంద్రమును గలవు. కొత్తవలసకు చేరువనున్న మంగళపాలెములో గురుదేవా ట్రస్టువారు కృత్రిమ కాళ్లుచేతులు చేసి ఉచితముగా నిచ్చుచున్నారు. ఒకనిని పనికి రానివాడని త్రోసివేయుటకు ముందు, కృత్రిమాంగముతో అతడు నిలువగలడేమో విచారించుట సంఘపు మొదటి విధి.

రెండవది, మనిషికి తగిన పనిని ఎన్నుట. పలాస జీడిపప్పు పరిశ్రమనే చూడుడు. పిక్కలను ఎండబెట్టుట, ఉడికించుట లేక కాల్చుట, పెంకు కొట్టుట, పప్పును వేడిలో ఆరబెట్టుట, పొర తీయుట, రకములు వేరుచేయుట అను పనులు అందు గలవు. కాలు లేనివాడు కూర్చుండి పొర తీయగలడు. చెవి వినరానివాడు రకములను ఏర్పఱచగలడు. 320 అను రకమునకు పౌనుకు 300 మొదలు 320 గుండ్లు తూగవలెను గనుక అందు కావలసినది కన్నును ఓర్పును. కాని కుష్ఠువలన చేయి మొద్దుబాఱినవానిని పెంకు కొట్టుటకు గాని, పొయ్యి యొద్ద గాని ఉంచరాదు. జీడిచమురు చర్మమును కాల్చును. స్పర్శ లేని చేతికి కాలినట్లు తెలియదు. ఆ పుండు ముదిరి మిగిలిన వ్రేళ్లును పోవచ్చును. ఉద్దానమున కొబ్బరిపీచు తాడు పేనుట చూపు లేనివారికిని చేతనగును. కావున “వికలాంగులకు పని” యని యొకే మాటగా చెప్పక, పనిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క యెవరికి తగునో, ఎవరికి కీడుచేయునో విచారింపవలెను.

మూడవది లెక్క. ఇట్టి సంఘములకు కీడుచేయునది సరకునకును దానమునకును ఒకే పద్దు పెట్టుట. జాలిచే కొన్నవాడు మరల రాడు. సరకు బాగుండి కొన్నవాడే మరల వచ్చును. కనుక రెండు పద్దులుండవలెను. ముడిసరకు, కూలి, అమ్మకము ఒక పద్దు. రాకపోకల ఖర్చు, ప్రత్యేకమైన పనిముట్లు, వాలుబాట మొదలగునవి రెండవ పద్దు. విరాళములును ప్రభుత్వ సహాయమును రెండవదానిలోనే చేరవలెను. అప్పుడు వ్యాపారము తన కాళ్లపై నిలుచుచున్నదో లేదో సంవత్సరాంతమున తేటపడును. వాలుబాటకు పెద్ద ఖర్చు పట్టదు. అరుగు ఒక అడుగు ఎత్తుండిన, బాట పండ్రెండడుగుల పొడవుండిన చాలును.

నాలుగవది కూలియు ఓటును. కిలోకు ఇతరులకెంత యిత్తుమో వీరికిని అంతయే యియ్యవలెను. చేతివేగము తక్కువైనచో ముందు పనిముట్టును మార్చి చూడవలెను; కూలిరేటును తగ్గించుట తగదు. ఇటలీదేశపు ట్రియెస్టే పట్టణములోని మానసిక వైద్యశాలలో రోగులు ఊడ్చుట, బట్టలుతుకుట మొదలగు పనులను సరియైన కూలి లేకయే చేయుచుండిరి. 1972లో వారు సహకారసంఘముగా ఏర్పడి, అవే పనులను ఒప్పందముపై కూలికి చేయసాగిరి. 1991లో ఆ దేశము ఇట్టి సంఘములకు ప్రత్యేక చట్టము చేసి, పని దొరకని వెనుకబడినవారు పనివారిలో నూటికి 30 మందికి తక్కువ కారాదని విధించినది. పనివారు సభ్యులుగా చేరి ఓటు వేయుట అచ్చటి పద్ధతి. మన సంఘములును వారిని పాలకవర్గపు దయకు విడువక, వాటా ధనము కట్టించుకొని, సర్వసభ్య సమావేశమున కూర్చుండబెట్టవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము. మన ఊరిలో పని కోరు వికలాంగులెవరు, వారు చేయగల పనులేవి, ఆ సరకు కొనువారెవరు అను మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనిన చాలును. కొనువాడు దొరకక మునుపే షెడ్డు కట్టవలదు. అయిదుగురితో, ఒక్క సరకుతో మొదలిడి, ఏడాది లెక్క చూచుకొని, పిమ్మట పెంచుకొనుట క్షేమము.