సాగుభూమి, సమ్మతి, స్వేచ్ఛావాదం: ఆచార్య రంగా నుంచి అమరావతి వరకు

వ్యక్తి తన శరీరానికి, శ్రమకు, శ్రమతో సమకూర్చుకొన్న ఆస్తికి తానే యజమాని అనీ, ఇతరుల హక్కులకు భంగం కలగనంతవరకు రాజ్యం అతని జోలికి పోరాదనీ చెప్పే సిద్ధాంతం స్వేచ్ఛావాదం. ఉదారవాదానికి ఇది దగ్గరి చుట్టమే. రాజ్యాధికారాన్ని శంకించడంలో మాత్రం దానికంటె ముందుంటుంది. బొంబాయిలో ఈ ధోరణి ప్రధానంగా వాణిజ్యవర్గాల గొంతుతో వినిపించింది. 1956లో ఎ.డి. ష్రాఫ్ స్థాపించిన ‘ఫోరం ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అందుకు నిదర్శనం. తెలుగునాట దీనికి సన్నిహితమైన రాజకీయం పొలం గట్టు మీద పుట్టింది. ఆ పుట్టుకే దాని బలం, దాని చిక్కు కూడా.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించింది. రైతుకు యాజమాన్య హక్కు మిగులుతుంది, సాగు మాత్రం ఉమ్మడిగా జరుగుతుంది. దున్నే నిర్ణయం చేతిలో లేని యాజమాన్యం ఎంతకాలం నిలుస్తుందన్నది విమర్శకుల ప్రశ్న. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా కాంగ్రెస్‌ను వీడి, రాజాజీ, మీనూ మసానీలతో కలిసి, అదే ఏడాది ఏర్పడిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. రంగా దృష్టిలో రైతు కార్మికుడూ కాడు, పెట్టుబడిదారూ కాడు. తన కష్టం మీద తాను బ్రతికేవాడు. రాజాజీ నిరసించిన ‘పర్మిట్-లైసెన్సు రాజ్యం’ పట్టణ వ్యాపారికి ఎదురైన అడ్డంకి అయితే, రంగాను కలవరపరచినది పట్టా భూమి భవితవ్యం.

ఆ కలవరం 1964 నాటి పదిహేడవ రాజ్యాంగ సవరణతో తీవ్రమైంది. 31-ఎ అధికరణంలోని ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి రైత్వారీ భూములు కూడా వచ్చి చేరాయి. జమీందారీల రద్దుకు రక్షణగా తెచ్చిన ఏర్పాటు పరిధిలోకి, పూర్వపు మద్రాసు రాష్ట్రపు రైత్వారీ పద్ధతిలో ఉన్న కోస్తా, రాయలసీమ రైతుల పొలాలు వచ్చాయన్నమాట. విశేషమేమిటంటే, అదే సవరణ ఒక మినహాయింపును చేర్చింది: గరిష్ఠ పరిమితికి లోబడి, రైతు స్వయంగా సాగుచేసుకొనే భూమిని తీసుకొంటే మార్కెట్ విలువకు తగ్గని పరిహారం చెల్లించాలి. 1978 నాటి నలభైనాలుగవ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించినా, ఈ మినహాయింపు నిలిచే ఉంది. స్వతంత్ర పార్టీ గురించిన చర్చలలో దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

1962లో 18 లోక్‌సభ స్థానాలు గెలిచిన ఆ పార్టీ 1967లో 44 స్థానాలకు పెరిగింది. రంగా శ్రీకాకుళం నుంచి ఉపఎన్నికలో గెలిచారు. 1971 తరువాత పార్టీ క్షీణించింది, రంగా తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. సిద్ధాంతంగా చూస్తే ఆయన రాజకీయం అచ్చమైన స్వేచ్ఛావాదం కాదు. పంటకు గిట్టుబాటు ధర కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని ఆయన వాదించారు. కరడుగట్టిన స్వేచ్ఛావాది దీనిని కూడా మార్కెట్‌లో జోక్యమే అంటాడు. రైతుకు భూమి వదలని రాజ్యం ఎంత అవసరమో, ధర నిలబెట్టే రాజ్యమూ అంతే అవసరమైంది.

రంగా పుట్టిన గుంటూరు జిల్లాలోనే అర్ధశతాబ్ది తరువాత ఆ ప్రశ్న మరో రూపంలో తిరిగి వచ్చింది. అమరావతి రాజధానికై 2015 నుంచి భూసమీకరణ ద్వారా 33 వేల ఎకరాలకు పైగా సమకూరింది. అభివృద్ధి చేసిన స్థలాలు, పదేళ్లపాటు వార్షిక కౌలు ప్రతిఫలం. ఇది బలవంతపు సేకరణ కాదు, సమ్మతి. అయితే పెనుమాక, ఉండవల్లి వంటి గ్రామాలలో అనేకులు నిరాకరించారు. ఇవ్వనివారిపై భూసేకరణ చట్టం ప్రయోగించే అవకాశం పక్కనే పొంచి ఉన్నప్పుడు, ఇచ్చినవారి సంతకాన్ని ఏ మేరకు స్వేచ్ఛగా పరిగణించాలి? 2020లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం రద్దయి, 2021లో ఆ రద్దు ఉపసంహరణ పొందడం మరింత మౌలికమైన లోపాన్ని బయటపెట్టింది. ఒప్పందంలో ఒక పక్షం చేతిలోనే శాసనాధికారం ఉన్నప్పుడు, రెండవ పక్షానికి వెనక్కు తీసుకొనే భూమీ మిగలదు, ఒత్తిడి తెచ్చే మార్కెట్టూ ఉండదు.

ఇక్కడ స్వేచ్ఛావాద విశ్లేషణ పదునుగా పనిచేస్తుంది. కాని దాని చూపు పట్టా దగ్గరే ఆగిపోతుంది. ఆ పొలాలలో కౌలుకు సాగుచేసినవారు, కూలికి పోయినవారు ఏ సమ్మతి పత్రంపైనా సంతకం పెట్టలేదు. భూమిలేని కుటుంబాలకు నెలవారీ పింఛను ఏర్పాటైంది. కౌలుదారు మాత్రం అటు యజమానీ కాక, ఇటు కూలీ కాక మధ్యలో మిగిలిపోయాడు. శ్రమే ఆస్తిహక్కుకు మూలమన్న సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే, ఆ పత్రంపై మొదటి సంతకం ఎవరిదై ఉండాలన్న ప్రశ్నకు స్వతంత్ర పార్టీ నాడూ సమాధానం చెప్పలేదు.