కేంద్రము జరిపి తరిమెన పట్టిన కొయ్య పతకములు

గ్రామములలో వడ్రంగి చేతికి పని తగ్గిపోవుట పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన విషయము. నాగలి స్థానమున ట్రాక్టరు, కొయ్య తలుపు స్థానమున ఇనుప తలుపు, మంచపుకోళ్ల స్థానమున ఇనుప గొట్టములు వచ్చినవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు ఇందుకు మినహాయింపు కావు. అయినను ఆ చేతిలోని నేర్పు నశింపలేదు. దానికి కొత్త వినియోగము చూపవలసి యున్నది. మెడలో ధరించు కొయ్య పతకము అట్టి వినియోగములలో ఒకటి.

తరిమెన యనగా నేడు లేతు అని వాడుకలోనున్న యంత్రము. దానికి బిగించిన కొయ్య తిరుగుచుండగా ఉలి ఆనించినచో గుండ్రని రూపము వచ్చును. బొంగరము, అప్పడాల కర్ర, భరిణె ఇట్లు తయారగునవే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాక గ్రామము ఈ విద్యకు ప్రసిద్ధి గాంచినది. అచ్చటివారు అంకుడు కొయ్యను తరిమెన పట్టి, తిరుగుచున్న కొయ్యకు రంగు లక్క కడ్డీని ఒత్తెదరు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు అంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెట్టెదరు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మొక్కల నుండి తీసిన రంగుల వాడుకను అచ్చట పెంపొందించిన శ్రీ సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది.

సాధారణముగా కొయ్య తన నడిబొడ్డు చుట్టునే తిరుగును. కనుక గీతలన్నియు ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయములగును. కొయ్యను కొంచెము పక్కకు జరిపి బిగించినచో కొత్త వలయము పాత వలయములను ఖండించుకొని పోవును. అప్పుడు నెలవంకలు, పూరేకులు ఏర్పడును. ఇంగ్లండులో హోల్‌జాప్ఫెల్ కుటుంబము వారు 19వ శతాబ్దమున ఇందుకై ప్రత్యేక బిగింపు పరికరములనే తయారుచేసి విక్రయించిరి. మన వడ్రంగికి అంత ఖరీదైన సామగ్రి అక్కరలేదు.

విధానము ఇట్లుండును. బాగుగా ఆరిన, 50 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందము గల బిళ్లను తీసుకొనవలయును. నడుమ ఒక గుర్తు, దానికి 8 మిల్లీమీటర్ల దూరమున సమాన ఎడములతో మూడు గుర్తులు పెట్టవలయును. బిళ్లను పెద్ద చెక్క పలకకు నడుమ కాగితముంచి జిగురుతో అతికింపవలయును. పని ముగిసిన పిదప కత్తి మొనతో విడదీయుటకు ఆ కాగితము తోడ్పడును. పలకను మరమేకులతో లేతు ముఖమునకు బిగించి, మొదట నడిమి గుర్తుపై అంచును గుండ్రము చేయవలయును. తరువాత మరమేకులు విప్పి, లేతు వెనుక మొన రెండవ గుర్తును తాకునట్లు పలకను జరిపి మరల బిగించి, సన్నని వలయము చెక్కవలయును. మిగిలిన గుర్తులకును ఇదే పద్ధతి.

ఇందు మరువరాని నియమమొకటి కలదు. ఏ కేంద్రముపై చెక్కిన వలయమునకు ఆ కేంద్రముపై నుండగానే లక్క పట్టింపవలయును. కేంద్రము జరిపిన పిదప ఆ వలయము ఊగుచు తిరుగును గనుక లక్క సమముగా అంటదు.

జాగ్రత్తలును ముఖ్యమే. పక్కకు జరిగిన కొయ్య బరువు ఒకవైపు లాగును. అందుచే వేగము తగ్గించి, ఎదురువైపున చిన్న బరువు బిగింపవలయును. మరమేకులు ఉలికి అందని చోట నుండవలయును. పదునైన ఉలితో పలుచగా చెక్కవలయును. కళ్లద్దములు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. వదులు దుస్తులు ప్రమాదకరము.

ఈ పనికి చెట్టు కొట్టవలసిన అవసరము లేదు. పొలము గట్టున నరికిన వేప కొమ్మ అయినను చాలును. కొమ్మను అడ్డముగా కోసిన బిళ్ల ఆరునప్పుడు పగులును. నిలువుగా పలకలు కోసి, నడిబొడ్డు విడిచి, నీడన ఆరబెట్టవలయును. నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యము నుండి కొయ్య తెచ్చుట మాత్రము చట్టవిరుద్ధము. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీలను, మొక్కల పెంపకమును పంచాయతీల బాధ్యతగా చేసినది. ఆ నర్సరీలలో అంకుడు మొక్కలకును చోటు కల్పించినచో రేపటి పనివానికి కొయ్య లభించును.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున చేర్చిన 18 వృత్తులలో వడ్రంగము, సంప్రదాయ బొమ్మల తయారి కలవు. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము, 5 శాతము వడ్డీపై మొదటి విడత లక్ష రూపాయల వరకు ఋణము అందు నిర్దేశింపబడినవి. గ్రామములలో దరఖాస్తుల తొలి పరిశీలన పంచాయతీకే అప్పగింపబడినది. కనుక అర్హుడైన పనివాని పేరు అశ్రద్ధ వలన నిలిచిపోకుండ చూచుట సభ్యుల విధి.

గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చీర కొను వారికి అంచు రంగుతో సరిపోలు పతకమును అదే అంగడిలో చూపవచ్చును. మొదట పది పతకములు చేయించి, అమ్మకము చూచి, పిమ్మట పని పెంచుట మేలు. నేతగాని మగ్గము ప్రక్కన వడ్రంగి తరిమెన కూడ తిరిగిన నాడు గ్రామమున రెండు ఇండ్లకు ఆదాయము కలుగును.