రేవు వెనుకనున్న పల్లెలు



విశాఖపట్టణమనగానే ఓడలును, ఉక్కు కర్మాగారమును మనకు స్ఫురించును. అది సహజమే. కాని రేవనునది యింటికి వాకిలి వంటిది. వాకిలి యెంత విశాలమైనను లోపల గాదె నిండనిచో ఫలమేమి? కావున నేడు ఆ వాకిలి వెనుకనున్న యింటిని గూర్చి, అనగా ఆ చుట్టుపట్ల పల్లెల జీవనమును గూర్చి, మీతో ముచ్చటింపదలచితిని.

పూర్వపు విశాఖపట్టణపు జిల్లా మిక్కిలి పెద్దది. 1950లో శ్రీకాకుళము జిల్లాయు, 1979లో విజయనగరము జిల్లాలోని కొంత భాగమును దానినుండి వేరుపడినవి. మిగిలిన జిల్లాలో 2011వ సంవత్సరపు లెక్కల ననుసరించి దాదాపు 42 లక్షల 90 వేలమంది ప్రజలుండిరి. అంత పెద్ద నగరమున్నను వారిలో సగమునకు మించినవారు పల్లెలవారే. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా మరల విడివడి విశాఖపట్టణము, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అను మూడు జిల్లాలైనది. సరిహద్దు లెన్ని మారినను భూమి స్వరూపము మారలేదు. ఒకవైపున మన్యపు కొండలు, మరియొకవైపున సముద్రము, నడుమ శారద, వరాహ, తాండవ నదుల నీటితో పండు వరి, చెరకు పొలములు.

ఈ భూములకు ముడివేయునది సంత. మన్యములో వారమున కొకదినము సంత జరుగును. గిరిజనులు పసుపు, చింతపండు, అడ్డాకులు, చీపుళ్లు, తేనె తెత్తురు. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కొనిపోవుదురు. బంధువుల క్షేమవార్తలు తెలియుటయు, పెండ్లిమాటలు కదలుటయు, తగవులు తీరుటయు అచ్చటనే. అయితే సంతలో లాభనష్టములు తేల్చునది సరకు మంచిచెడ్డలు మాత్రమే కాదు. త్రాసు ఎవరి చేత నున్నదనునదియు ముఖ్యమే. అప్పిచ్చిన వర్తకుడే తూచి, అతడే ధర కట్టినచో గిరిజనుని శ్రమ అతని చేతికి రాదు. ఈ బాధను తొలగించుటకే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. అడవి సరకును న్యాయమైన ధరకు కొని, నిత్యావసరములను అమ్ముట దాని పని.

అటుపిమ్మట 1960ల దశకములో కొత్తవలసనుండి కిరండూలు వరకు కొండలు తొలిచి రైలుమార్గము వేసిరి. బైలాడిలా గనుల యినుపరాయి ఆ దారిని అరకు మీదుగా రేవునకు దిగి, జపాను దేశమునకు పోయెను. రాయి సముద్రము దాటుటకు దారి దొరకినది. కాని ఆ దారి ప్రక్కనే కాపురమున్నవాని చింతపండునకు మంచి ధర పలుకుటకు రైలు చాలదు. నమ్మదగిన త్రాసు కావలెను. రైలు వేయుట యొకనాటి పని, త్రాసును కనిపెట్టుకొని యుండుట ప్రతివారపు పని.

ఇక చెరకు సంగతి. అనకాపల్లి బెల్లము పేరెన్నిక గన్నది. అచ్చటి విపణి దేశములోని పెద్ద బెల్లపు విపణులలో నొకటి. చెరకు పైరుమీద పరిశోధనకై అచ్చట 1913లోనే వ్యవసాయ క్షేత్రము నెలకొల్పబడినది. బెల్లము వండుట యొంటరివాని పని కాదు. ఒకరు చెరకు నరుకవలెను, ఒకరు గానుగకు అందింపవలెను, ఒకరు ఎండిన పిప్పితో పొయ్యి మండింపవలెను. సున్నము వేసి మడ్డి తీయుటకును, పాకము పదును చూచి దింపుటకును చేయి తిరిగినవాడుండవలెను. పదును తప్పినచో సంవత్సరపు కష్టము విరిగిపోవును. అందుచేత ఒకరి గానుగను పలువురు వాడుకొనుటయు, ఒకరి పనికి మరియొకరు బదులు పోవుటయు ఆచారమైనవి. బెల్లమమ్మిన సొమ్ముతో అప్పులు తీరును, పెండ్లిండ్లు జరుగును. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతరకు బండ్లు కదలును. పండుగ వేరు, పని వేరు అని పల్లెవా రెన్నడును తలపలేదు.

ఈ బదులు పనియే చట్టరూపము దాల్చినచో సహకార సంఘమగును. ఇచ్చట 1933వ సంవత్సరము జ్ఞప్తి యందుంచుకొనదగినది. ఆ యేట విశాఖపట్టణపు రేవు ప్రారంభమైనది. ఆ యేటనే వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో చెరకు రైతులు సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారమునకు పునాది వేసిరి. అట్టి ప్రయత్నములలో మన దేశమున మొట్టమొదటివానిలో నదియొకటి. ఒకటి ప్రభుత్వము తెరచిన వాకిలి, రెండవది రైతులు కూడి కట్టిన గాదె.

ఆ రెంటి గతి యేమైనది? రేవు నానాటికి పెరిగి దేశములోని ముఖ్యమైన రేవులలో నొకటైనది. సహకార కర్మాగారములు తుమ్మపాల, చోడవరము, తాండవ ప్రాంతములలోను వెలసి, పెక్కేండ్లు పల్లెలను పోషించినవి. తరువాత యంత్రములు పాతబడెను, చెరకు బకాయిలు సకాలమున చెల్లవయ్యెను, నరకుటకు కూలీలు దొరకరైరి, రైతులు ఇతర పంటలకు మరలిరి. నేడు వానిలో పెక్కు మూతపడి యున్నవి. రేవునకు లెక్కలడుగు యజమాని నిత్యము కలడు. సంఘమునకు సభ్యులందరును యజమానులే. అందరి సొత్తు అగుటచే ఎవ్వరును అడుగని సొత్తైనది.

ఉక్కు కర్మాగారము కథయు ఈ పాఠమునే మరియొక విధముగా చెప్పును. 1966లో ఆంధ్రులు దానికై గొప్ప ఉద్యమము నడపిరి, పలువురు ప్రాణములర్పించిరి. 1971లో శంకుస్థాపన జరిగెను; 1992లో కర్మాగారము జాతికి అంకితమయ్యెను. అందుకై 60కి పైగా పల్లెలనుండి దాదాపు 22 వేల యెకరముల భూమి సేకరింపబడినది. దానివలన వేలమందికి జీవనము దొరకినది, దానిని కాదనరాదు. కాని పట్టా గలవానికి సొమ్ము లెక్కగట్టవచ్చును. పట్టా లేని కూలికి, కుమ్మరికి, వడ్రంగికి ఆ పల్లె యంతయు పొలమే గదా! పశువులు మేయు బయలును, చెరువు నీడను, కష్టకాలమున చేబదులిచ్చు ఇరుగుపొరుగును ఏ సర్వే నంబరున వ్రాయుదురు? అట్టివి పోయిన పిమ్మట గాని వాని వెల తెలియదు.

కావున నేను మనవి చేయునది యొక్కటే. పల్లెకు రెండు విధములైన మూలధనము కలదు: ఇంటింటి ధనమొకటి, ఉమ్మడి ధనమొకటి. రోడ్లు, రేవులు, నగరములు మొదటిదానిని పెంచగలవు. రెండవదానిని పల్లెవారే కాపాడుకొనవలెను. సహకార సంఘపు సర్వసభ్య సమావేశము జరుగునాడు పనులు మానియైనను పోయి జమాఖర్చులు చదివింపుడు. ఊరి చెరువునకు గట్టెంత నిలిచినది, వాగెంత పూడినది యేటేట చూడుడు. సంతలో త్రాసును పరీక్షింపుడు. నగరమునకు పోయిన మన పిల్లలకు లెక్కలు బాగుగ తెలియును. పండుగకు వచ్చినప్పుడు వారిచేతనే సంఘపు పుస్తకములు చూపింపుడు. అడిగినవాడు ఊరికి విరోధి కాడు. అడుగనివాని మౌనమే ఊరిని తినివేయును.

వాకిలి తెరచియే యున్నది. గాదెకు తలుపును, తాళమును పెట్టుకొనవలసినవారము మనమే.