రాన్సమ్‌వేర్ ముప్పు - వ్యాపార సంస్థల సన్నద్ధత
(ప్రత్యేక వ్యాసం)

ఖాతాలు, బిల్లులు, సరుకు నిల్వలు, సిబ్బంది జీతాల పట్టికలు సమస్తం కంప్యూటర్లలోకి చేరిన ఈ కాలంలో, వాటికి ఉన్నచోటనే తాళం వేసి సొమ్ము గుంజే నేరం వ్యాపార సంస్థలను కలవరపరుస్తున్నది. దీనినే రాన్సమ్‌వేర్ దాడి అంటారు. హానికరమైన ప్రోగ్రాం ఒకటి సంస్థ కంప్యూటర్లలో ప్రవేశించి, ఫైళ్ళను యజమాని సైతం చదవలేని సంకేతలిపిలోకి మార్చివేస్తుంది. తిరిగి తెరిచే తాళంచెవి కావాలంటే బిట్‌కాయిన్ వంటి క్రిప్టోకరెన్సీలో సొమ్ము చెల్లించాలన్న సందేశం తెరపై కనిపిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో నేరగాళ్ళు తాళం వేయడానికి ముందే డేటాను కాపీ చేసుకుని, సొమ్ము ఇవ్వకుంటే బహిరంగపరుస్తామని కూడా బెదిరిస్తున్నారు.

2017 మే 12న మొదలైన వాన్నక్రై దాడి సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు సైతం దీని బారిన పడ్డాయి. అది ఆధారం చేసుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ అదే ఏడాది మార్చి 14ననే సవరణ విడుదల చేయడం గమనార్హం. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇటువంటి దాడికే గురై, ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపు నిలిచిపోయింది.

తమది చిన్న సంస్థ కనుక తమ జోలికి ఎవరూ రారన్న అభిప్రాయం వ్యాపారులలో ఉంది. ఇది సరికాదు. 2024 జులైలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై దాడి జరుగగా, ముందుజాగ్రత్తగా దానిని చెల్లింపుల వ్యవస్థ నుండి వేరుచేయవలసి వచ్చింది. దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులకు తాత్కాలికంగా అంతరాయం కలిగింది. బ్రిటన్‌లో 158 ఏళ్ళ చరిత్ర గల రవాణా సంస్థ కేఎన్‌పీ 2023లో దాడి అనంతరం డేటాను తిరిగి పొందలేక మూతపడగా, సుమారు 700 మంది ఉపాధి కోల్పోయారు. ఉద్యోగి ఒకరి బలహీనమైన పాస్‌వర్డ్‌ను ఊహించి నేరగాళ్ళు లోనికి చొరబడినట్లు భావిస్తున్నారు.

సంస్థ నిలిచేదీ మూతపడేదీ చాలావరకు దాడికి ముందే నిర్ణయమవుతుంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్)పై దాడి జరిగినప్పుడు ఓపీ చీటీలు, అడ్మిషన్లు, పరీక్షల నివేదికలు దాదాపు రెండు వారాల పాటు చేతిరాతతో నడిపారు. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా సంకేతలిపిలోకి మారిందనీ, నెట్‌వర్క్‌ను తగురీతిన విభజించకపోవడమే దీనికి కారణమనీ కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. అయితే దాడి సోకని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలి ఉండడంతో ఈ-హాస్పిటల్ డేటాను కొత్త సర్వర్లలో పునరుద్ధరించగలిగారు.

కాబట్టి సన్నద్ధతలో మొదటి స్థానం బ్యాకప్‌దే. అనేక కార్యాలయాలలో బ్యాకప్ హార్డ్‌డిస్కును అదే కంప్యూటరుకు రాత్రింబవళ్ళు తగిలించి ఉంచడం చూస్తుంటాము. కంప్యూటరుతో పాటు దానికీ తాళం పడుతుంది! ఫైలు మారిన వెంటనే తానూ మారే క్లౌడ్ ఫోల్డరు సైతం, పాత ప్రతులను భద్రపరచే ఏర్పాటు లేనట్లయితే, చెడిన ఫైలునే దాచిపెడుతుంది. డేటాకు మూడు ప్రతులు ఉంచి, వాటిని రెండు రకాల సాధనాలలో భద్రపరచి, ఒకదానిని నెట్‌వర్క్‌కు సంబంధం లేకుండా వేరొక చోట ఉంచడం నిపుణులు సూచించే పద్ధతి. ఆ ప్రతి నుండి డేటా నిజంగా తిరిగి వస్తున్నదో లేదో ఏడాదికి ఒకటి రెండు సార్లయినా సరిచూసుకోవాలి. ఎక్కువ సంస్థలు విస్మరించేది ఈ పరీక్షనే.

సాఫ్ట్‌వేర్ సవరణలను వెంటనే అమర్చుకోవడం, పాస్‌వర్డ్‌తో పాటు రెండవ ధ్రువీకరణ పెట్టడం, ఉద్యోగం వదలిన వారి లాగిన్‌లను తొలగించడం కూడా అవసరమే. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి నేరగాళ్ళు ప్రవేశించింది రెండవ ధ్రువీకరణ లేని పాత ఖాతా ద్వారానే. ఆ సంస్థ 75 బిట్‌కాయిన్లు (సుమారు 44 లక్షల డాలర్లు) చెల్లించినా, లభించిన తాళంచెవి అతి నెమ్మదిగా పనిచేయడంతో తన బ్యాకప్‌లనే ఆశ్రయించింది. సొమ్ము చెల్లిస్తే పని జరుగుతుందన్న భరోసా లేదనడానికి ఇది నిదర్శనం.

దాడి జరిగినట్లు గుర్తించిన వెంటనే ఆ కంప్యూటర్లను నెట్‌వర్క్ నుండి వేరుచేయాలి. ఆధారాలు చెరిగిపోతాయి కనుక తొందరపడి ఫార్మాట్ చేయరాదు. ముఖ్యమైన ఫోన్ నంబర్లను కాగితంపై రాసి ఉంచుకోవాలి. ఆ సమయంలో కంప్యూటర్లు తెరుచుకోవు. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు తదితరులు ప్రారంభించిన 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు ఉచిత తాళంచెవులు లభిస్తాయి.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, దాడిని గుర్తించిన 6 గంటలలోగా ఆ సంస్థకు సమాచారం అందించాలి. కంప్యూటర్ల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. వీటిని పాటించకపోవడం సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 70బి కింద శిక్షార్హం. సెర్ట్-ఇన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949. పోలీసులకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చును. ఖాతా నుండి సొమ్ము కూడా పోయినట్లయితే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి.