కొత్త కారు, కీచుమనే బ్రేకులు: మొదటి 300 కిలోమీటర్ల లెక్క

కారు కొని పది రోజులు కాలేదు, బ్రేకు నొక్కితే కీచుమంటోంది. బండిలో లోపం ఉన్నట్టేనా? కొత్తగా కారు కొన్న చాలామందికి వచ్చే సందేహం ఇది. ఎక్కువసార్లు జవాబు ‘లేదు’ అనే. మొదటి రోజుల్లో వచ్చి సర్దుకునే చప్పుడు వేరు, ఎన్నాళ్లయినా పోని చప్పుడు వేరు. ఈ తేడా తెలిస్తే అనవసరంగా బ్రేకులు విప్పించక్కర్లేదు, విప్పించాల్సిన వేళ ఆలస్యం చేయనూ చేయం.

ముందు బ్రేకు ఎలా ఉంటుందో చూద్దాం. ముందు చక్రాల వెనక పోత ఇనుముతో చేసిన గుండ్రటి డిస్కు చక్రంతోపాటే తిరుగుతుంటుంది. దానికి అటూ ఇటూ రెండు ప్యాడ్లు ఉంటాయి. పెడల్ నొక్కగానే కాలిపర్ అనే భాగం ఆ రెండింటినీ డిస్కుకి అదిమిపెడుతుంది. ప్యాడ్ అంటే ఉక్కు రేకు మీద అతికించిన, సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉన్న రాపిడి పదార్థం. నార పోగులు, లోహపు పొడి, గ్రాఫైట్ లాంటివి కలిపి, వేడికి గట్టిపడే జిగురుతో అచ్చు పోసి చేస్తారు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక చక్రాలకి డిస్కుల బదులు డ్రమ్ములే ఉంటాయి. ఆపే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రాలదే కాబట్టి మన లెక్క వాటితోనే.

ఆ పని ఎంతటిది? నలుగురు కూర్చున్న చిన్న కారు బరువు 1200 కిలోలు అనుకుందాం. అది గంటకు 80 కి.మీ. వేగంలో ఉండగా పూర్తిగా ఆపితే పుట్టే వేడి దాదాపు 300 కిలోజౌళ్లు. ఒక లీటరు నీళ్లని మామూలు వేడి నుంచి తెర్లే దాకా కాచడానికి కావలసింది దాదాపు అంతే. గ్యాసు పొయ్యి మీద కొన్ని నిమిషాలు పట్టే పనిని బ్రేకులు నాలుగైదు సెకన్లలో ముగిస్తాయి. అదే 40 కి.మీ. వేగంలో ఆపితే సగం కాదు, పావు లీటరే. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. ముందు డిస్కు ఒక్కొక్కటి 5 కిలోలు ఉందనుకుంటే, 80 నుంచి ఆపిన ప్రతిసారీ అది 40 డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

ఈ పనికి కొత్త ప్యాడ్, కొత్త డిస్కు మొదటి రోజునే పూర్తిగా సిద్ధంగా ఉండవు. రెండూ చూడటానికి నున్నగానే ఉన్నా, యంత్రం మీద కోసిన సన్నని గీతలు, ఎత్తుపల్లాలు ఉంటాయి. మొదట్లో ఎత్తుగా ఉన్నచోట మాత్రమే అవి ఒకదానికొకటి తగులుతాయి. నొక్కగా నొక్కగా ఆ ఎత్తులు అరిగి, వేడికి ప్యాడ్ పదార్థం కొంచెం డిస్కు మీదికి చేరి పలుచని పొరగా పరుచుకుంటుంది. మందం కొద్ది మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని. ఈ పొర అంతటా సమంగా పడ్డాకే బ్రేకు పట్టు పూర్తిగా వస్తుంది. దీన్నే బెడ్డింగ్ అంటారు, ప్యాడ్‌నీ డిస్కునీ ఒకదానికొకటి కుదురుకునేలా చేయడం.

మరి చప్పుడెందుకు? పొర సమంగా లేనప్పుడు ప్యాడ్ డిస్కుని ఒక క్షణం పట్టుకుంటుంది, మరుక్షణం జారిపోతుంది. ఈ పట్టూ జారుడూ సెకనుకి వేలసార్లు జరిగితే డిస్కు, ప్యాడ్, కాలిపర్ అన్నీ కలిసి అదురుతాయి. ఆ కీచు సాధారణంగా 1000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది, అంటే సెకనుకి వెయ్యికి మించిన కంపనాలు. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది 2000 నుంచి 5000 మధ్య కాబట్టి చిన్న అదురు కూడా పెద్ద అరుపులా తోస్తుంది. ఇది ఈనాటి సమస్యా కాదు. 1902లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. అందులో రాగి ప్యాడ్లు లోహపు డిస్కుని ఒరుసుకుని భరించలేని మోత పుట్టేది. ఇప్పుడు ప్యాడ్ వెనక రబ్బరు పూసిన సన్నని రేకు పెట్టి, అంచుల్ని ఏటవాలుగా చెక్కి మోతను చాలావరకు అణుస్తున్నారు. పూర్తిగా పోగొట్టడం మాత్రం నేటికీ కుదరలేదు.

పొద్దున్నే కారు తీయగానే వచ్చే గరగర ఇంకో రకం. పోత ఇనుముకి ఒక్క రాత్రి తడి చాలు, తుప్పు పొడలా కమ్ముకుంటుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే తుడిచిపెట్టుకుపోతుంది. డీలరు యార్డులో వారాల తరబడి ఎండకీ వానకీ నిలబడిన కారుకి ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీరాల ఉప్పుగాలిలో ఈ తుప్పు మరీ త్వరగా పడుతుంది. విద్యుత్ కారు కొన్నవాళ్లు దీన్ని మరీ పట్టించుకోవాలి. అందులో వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది, డిస్కుల మీద రాపిడి తక్కువ కాబట్టి తుప్పు త్వరగా తుడిచిపెట్టుకుపోదు. పైగా ఇంజిను మోత లేదు కాబట్టి ప్రతి చిన్న చప్పుడూ వినిపిస్తుంది.

ఇక చేయాల్సిన పని. చాలా కంపెనీలు కారుతో ఇచ్చే పుస్తకంలో మొదటి 200 నుంచి 300 కి.మీ. దాకా గట్టిగా బ్రేకు వేయొద్దని రాస్తాయి. రోజుకి 20 కి.మీ. తిరిగేవారికి ఇది పదిహేను రోజుల మాట. ముందు వెళ్తున్న బండికి కాస్త ఎక్కువ దూరం వదలండి. సిగ్నల్ కనపడగానే ముందునుంచే మెత్తగా నొక్కండి. దూరం ఎందుకంటే, పట్టు పది శాతం తక్కువగా ఉందనుకుంటే 80 కి.మీ. వేగంలో 35 మీటర్లలో ఆగాల్సిన కారు 39 మీటర్లు తీసుకుంటుంది. ఆ 4 మీటర్లు దాదాపు ఒక చిన్న కారు పొడవు. అయితే ఎదురుగా ప్రమాదం వస్తే ఈ లెక్కలేవీ చూడకండి, పెడల్‌ని పూర్తిగా తొక్కండి.

అంత ఆగలేమనుకునేవారికి, ముఖ్యంగా ప్యాడ్లు మార్పించుకున్నవారికి, ఇంకో పద్ధతి ఉంది. 50 కి.మీ. వేగం నుంచి 10కి మధ్యస్థంగా నొక్కి తగ్గించడం, మళ్లీ వేగం అందుకుని అర నిమిషం చల్లారనివ్వడం. ఇలా ముప్పైసార్లు. ఒక్కోసారికి అర కిలోమీటరు చొప్పున మొత్తం 15 కి.మీ. ఖాళీ రోడ్డు కావాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దీనికి పనికిరాదు, వెనక 100 వేగంలో వస్తున్నవారికి మీ ప్రయోగం తెలియదు. తెల్లవారుజామున ఊరి బయట సర్వీసు రోడ్డు చూసుకోండి.

ఇందులో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. వేడెక్కిన బ్రేకుని నొక్కి పట్టుకుని నిలబడకూడదు, హ్యాండ్‌బ్రేకు కూడా లాగకూడదు. అలా ఆపితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట మచ్చలా అంటుకుంటుంది. డిస్కు మందంలో 20 మైక్రాన్ల తేడా, అంటే ఒక కాగితం మందంలో అయిదో వంతు, పెడల్ కింద దడదడ తెలియడానికి అది చాలు. ముప్పైసార్లూ అయ్యాక పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపితే డిస్కు చల్లబడుతుంది.

మనవాళ్లు కొత్త కారు తాళాలు చేతికందగానే తిరుమల బయల్దేరుతారు. ఎక్కడం ఇంజిను పని, దిగడం బ్రేకుల పని. కొండకీ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. మన 1200 కిలోల కారు ఆ ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తితో 28 లీటర్ల నీళ్లు మరుగుతాయి. టైర్ల రాపిడి, గాలి కొంత మింగినా, ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ క్యానంత మిగులుతుంది. పైగా కొత్త ప్యాడ్ మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు అందులోని జిగురు నుంచి ఆవిరి వెలువడి కాసేపు పట్టు సడలవచ్చు. స్వామి దర్శనం మానక్కర్లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లేసరికే 300 కి.మీ. దాటుతుంది గానీ, ఖాళీ హైవే మీద బ్రేకు ముట్టకుండా చేసిన ప్రయాణం లెక్కలోకి రాదు. ముందు కొన్ని రోజులు ఊళ్లో తిప్పి వెళ్లండి. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి, భారం ఇంజిను మీద వేయండి.

చప్పుడు పోవాలని ప్యాడ్ ముఖానికి నూనె గానీ గ్రీజు గానీ రాయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గరుకు కాగితంతో రుద్దిస్తే తాత్కాలికంగా తగ్గుతుంది కానీ, అప్పటిదాకా కుదురుకున్న ముఖం పోయి మళ్లీ మొదటికొస్తాం.

ఇనుము ఇనుముని గీస్తున్న మోత, బండి ఒక పక్కకి లాగడం, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోవడం, ఒక్క చక్రమే కాలుతూ మాడు వాసన రావడం, డ్యాష్‌బోర్డు మీద బ్రేకు దీపం వెలగడం. వీటిలో ఏది కనపడినా 300 దాకా ఆగకండి, ఆ రోజే చూపించండి. బ్రేకు వేయకపోయినా కీచుమంటుంటే డిస్కు దగ్గర చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు. వర్క్‌షాపులో తేలిగ్గా తీసేస్తారు.

ఇవేవీ లేకుండా, 1000 కి.మీ. దాటాక కూడా కీచు రోజూ వస్తుంటే మొదటి సర్వీసులోనే ఫిర్యాదు చేయండి. అరిగే వస్తువులన్న పేరుతో ప్యాడ్లని చాలా కంపెనీలు వారంటీ నుంచి తప్పిస్తాయి. అందుకే నోటిమాటతో సరిపెట్టకుండా ఏ వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది జాబ్ కార్డులో రాయించి, నకలు దగ్గర పెట్టుకోండి.